మేపుల్ చెట్టుకి కట్టిన ముంత

వెర్మాంట్,
20 అక్టోబరు 1982

బావగారికి నమస్కారాలు.

మీ తమ్ముడి అస్థికలు ఇంట్లో ఉంచకూడదని, చెట్టుకి కట్టమని ఫోన్లో మీరే చెప్పారు. పెరట్లో మేపుల్ చెట్టుకి కట్టాను. ఒక్కదాన్నీ ఉండలేక ఇల్లు అమ్మకానికి పెట్టానుగా, కొనేవాళ్లు చూడ్డానికొస్తారని ఏజెంటు పెరడంతా శుభ్రం చేయించింది. నేను డ్యూటీలో ఉన్నాను. వేలాడే పూలకుండీ అనుకుని, రాలిన ఆకులతోపాటు ముంతని కూడా చెత్తబండికి ఎత్తించేసింది. ఊరి చెత్త పోసేచోట రెండ్రోజులు వెతికాను. దొరకలేదు.

ఆవిడ సారీ చెప్పింది. పెరడు చూసి ముచ్చటపడి, కొనేవాళ్లు వెంటనే ఒప్పుకున్నారని కూడా చెప్పింది.

గోదావరిలో కలపడానికి మీరు పెట్టిన రోజుకి వస్తాను. ఆ చెట్టుకింది మట్టిని ఇంకో ముంతలో తెస్తున్నాను. రేవులో అత్తయ్యగారు ముంతని ఒళ్లో పెట్టుకుంటానంటే కాదనకండి. అది మట్టి అని మాత్రం చెప్పకండి.

మీ మరదలు