మా ఇంట నాలుగు రోజులున్న బెరిల్ హార్కర్

సర్బిటన్,
1979 జూలై 17, మంగళవారం.

చిరంజీవి నైజెల్‌కు,

అమ్మ మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నాన్నా నేనూ కులాసాగానే ఉన్నాం. జూలైలో కూడా నార్వే చలి కోటు విప్పనివ్వని ఆ స్టావెంగర్‌లో నువ్వు వేళకు తిని, వేళకు పడుకుంటున్నావని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం ఈ నెల నాలుగున అందింది. జవాబు రాయడానికి ఇన్నాళ్లు పట్టింది, కోప్పడకు. కాగితం ముందు కూర్చోవడం, లేచి టీ పెట్టుకోవడం, ఇదే పనయింది నాకు.

నువ్వడిగినవి వరసగా చెబుతాను. నాన్న మోకాలు కాస్త నయం. డాక్టరు కర్ర పట్టుకోమంటే, "కర్ర పట్టుకుంటే జనం బస్సులో సీటిస్తారు, నాకు సిగ్గు" అంటున్నారు. ముప్పై నాలుగేళ్లు రైల్వేలో టిక్కెట్లు కొట్టిన మనిషికి సీటు ఇప్పించుకోవడం సిగ్గట! తోటలో చిక్కుళ్లు ఈసారి బాగా కాశాయి. పై బాత్‌రూంలో వేడినీళ్ల పైపు ఇంకా ఏనుగులా ఘీంకరిస్తూనే ఉంది, మన పై గదులు అద్దెకు తీసుకుని బస చేసేవాళ్లు ఉలిక్కిపడుతూనే ఉన్నారు. నీ పాత స్వెటరు దొరికింది, చేతుల దగ్గర అల్లి పంపుతాను. అక్కడి ఓడల కార్ఖానాలో నువ్వు గీసిన ఓడల ప్లాన్లు చూసి పెద్ద ఇంజినీరు మెచ్చుకున్నాడని రాశావు. ఆ పేజీని నాన్న ఇప్పటికి నాలుగు సార్లు చదివారు.

నీ ఉత్తరంలో చివరి మాట ఒకటుంది. దానికీ జవాబు రాస్తాను. దానికి ముందు, మే నెలలో మన ఇంటికి వచ్చిన ఒకామె గురించి చెప్పాలి.

పేరు బెరిల్ హార్కర్. ఉత్తరాన ఉన్న కార్లైల్ నుంచి వచ్చింది. నలభై రెండేళ్లుంటాయి, పెళ్లి కాలేదు. బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్లో సూపర్‌వైజరు. పై ముందు గది నాలుగు రోజులకు కావాలని ముందుగానే ఉత్తరం రాసింది. వచ్చిన సాయంత్రం టీ తాగుతూ, జూన్ ముప్పైన కెనడాకు, విన్నిపెగ్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్లిపోతున్నానని చెప్పింది. "మళ్లీ రానండీ. వెళ్లే ముందు ఈ వైపొకసారి చూద్దామనిపించింది" అంది.

"లండన్ చూడకుండా సర్బిటన్‌కొచ్చారేం?" అని నాన్న ఎగతాళి చేశారు. "ఇక్కడ చూడ్డానికి మా ఆవిడా నేనూ తప్ప ఏముంది?"

"మీ ఇద్దర్నీ చూస్తే చాల్లెండి" అని ఆమె నవ్వింది.

బసకొచ్చే వాళ్లతో నేను ఊరు తిరగనని నీకు తెలుసుగా. బస్సు నంబరు చెప్పి పంపించేస్తాను. కానీ ఈమె మర్నాడు పొద్దున ఉడికిన గుడ్డు పెంకు కొట్టుకుంటూ, "మిసెస్ హ్యాలెట్, మీకు తీరికైతే నాతో వస్తారా? గైడ్ పుస్తకం నా దగ్గరుంది. అది వద్దు. ఇక్కడి వాళ్లు ఎక్కడ తిరుగుతారో, పిల్లలెక్కడ ఆడుకుంటారో, అవి చూపించండి" అంది. అడిగిన తీరు చూస్తే కాదనలేకపోయాను. పైగా నాకూ ఎవరితోనన్నా మాట్లాడాలనే ఉంది. నువ్వు వెళ్లాక ఈ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి.

మొదటి రోజు కింగ్‌స్టన్ దగ్గర పడవెక్కి హాంప్టన్ కోర్టు రాజభవనానికి వెళ్లాం. రాజుల గదులు చకచకా చూసేసింది. వంటిళ్ల దగ్గర మాత్రం ఆగి, "ఇన్ని పొయ్యిలు! వీళ్ల గిన్నెలెవరు కడిగేవారో పాపం" అంది. తోటలో ఆ పొదల చిక్కుదారిలోకి వెళ్లాం. నీతో అన్నిసార్లు తిరిగిన నేనే దారి తప్పాను. మూడోసారీ అదే మూలకు వచ్చేసరికి ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం.

"ఇక్కడి పిల్లలు ఎన్నేళ్లకు నేర్చుకుంటారండీ ఈ దారి?" అని అడిగింది.

"ఎనిమిదేళ్లకల్లా కళ్లు మూసుకుని బయటికొచ్చేస్తారు" అన్నాను. నీ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో ఒక బడి పిల్లల గుంపు మమ్మల్ని తోసుకుంటూ అరుచుకుంటూ పోయింది. ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఆగకుండా ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పుడనుకుంటున్నాను.

రెండో రోజు బుషీ పార్కుకు వెళ్లాం. చెస్ట్‌నట్ చెట్లన్నీ తెల్లగా పూసి ఉన్నాయి. ఎండ బాగా కాసింది. ఆమె కొత్త బూట్లతో వచ్చింది, మైలు నడిచేసరికి మడమ దగ్గర పొక్కింది. కాలువ గట్టున కూర్చుని, బూట్లూ మేజోళ్లూ విప్పి, రెండు కాళ్లూ నీళ్లలో పెట్టింది. నేను రొట్టెల పొట్లం విప్పుతూ అటు చూశాను.

నైజెల్, ఆమె రెండు పాదాలకూ రెండో వేలూ మూడో వేలూ సగం దాకా అతుక్కుని ఉన్నాయి.

ఆరు వారాల పసిగుడ్డుగా నిన్ను ఇంటికి తెచ్చిన మొదటి రోజే చూశాను ఆ వేళ్లు. స్నానం చేయించినప్పుడల్లా వాటి మధ్య తుడిచాను. నాన్న నిన్ను బాతు అని పిలిచింది వాటిని చూసే.

నేను చూస్తున్నానని ఆమె గమనించింది. "మా నాన్నవీ ఇంతే, మా తమ్ముడివీ ఇంతే. మా వంశానికి దేవుడిచ్చిన ఆస్తి" అని నవ్వింది. తర్వాత నవ్వు మాని, నీళ్లకేసి చూస్తూ అడిగింది: "మీకు పిల్లలున్నారా, మిసెస్ హ్యాలెట్?"

"లేరు. దేవుడు ఇవ్వలేదు" అన్నాను.

రాసేశాను. ఈ వాక్యం రాయలేకే పదమూడు రోజులుగా కూర్చుని లేస్తున్నాను. నువ్వు ఉండగా నువ్వు లేవని చెప్పాను. నా గొంతు వణకలేదు, రొట్టె ముక్క కూడా చేతిలోంచి జారలేదు. ఇరవై ఐదేళ్లు నిన్ను పెంచి, ఒక్క క్షణంలో నా నోటితో నేనే నిన్ను లేకుండా చేశాను.

ఆమె కాళ్లు నీళ్లలోంచి పైకి తీసింది. చేతి రుమాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంది. "అలాగా" అంది. అంతే. ఇంటికొచ్చేదాకా చెట్ల గురించీ జింకల గురించీ మాట్లాడుకున్నాం.

ఇంటికి రాగానే కింది ముందు గదిలో చలిమంట గూడు పైనున్న నీ ఫోటోలన్నీ తీసి బీరువాలో పెట్టాను. నాన్న చూశారు.

"ఏం చేస్తున్నావ్ మురియెల్?"

చెప్పాను. ఆయన కుర్చీలో కూలబడ్డారు. "ఆమె దొంగ కాదే. మనింటికి ఏం ఎత్తుకుపోవడానికి రాలేదు."

"ఎత్తుకుపోతే?"

"పాతికేళ్లవాణ్ని సంచిలో వేసుకుపోతుందా? పోయి చెప్పు. ఇప్పుడే చెప్పు."

"నువ్వు నోరు మూసుకోకపోతే నేను మా అక్క దగ్గరికి పోతాను లెన్, నిజంగా పోతాను" అన్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన్ని బెదిరించడం అదే మొదలు.

మూడో రోజు క్యూ అనే చోటున్న పెద్ద తోటలకు ఇద్దరం వెళ్లాలనుకున్నాం. తలనొప్పని చెప్పి పడుకున్నాను. ఒక్కతే బస్సెక్కి వెళ్లింది. నాలుగో రోజు పొద్దున బయల్దేరుతూ నా రెండు చేతులూ పట్టుకుంది. "నన్ను బాగా చూసుకున్నారండీ. ఈ ఊళ్లో పెరిగే పిల్లలు పెట్టి పుట్టారు" అంది. నాన్న ఆమె పెట్టె మోసుకుంటూ స్టేషన్ దాకా వెళ్లారు. తిరిగొచ్చాక తోటలోకి పోయి మధ్యాహ్నం దాకా లోపలికి రాలేదు. కోపమనుకుని నేనూ కదిలించలేదు.

ఆ తర్వాత జూన్ పదకొండున నీ ఉత్తరం వచ్చింది. కొత్త చట్టం ప్రకారం దత్తత పిల్లలు తమ పుట్టుక కాగితాలు అడగవచ్చట, అడిగే ముందు నిన్నడుగుతున్నాను, నన్ను కన్నావిడ గురించి నీకేమైనా తెలుసా అమ్మా, అని రాశావు. అప్పటికి ఆమె ఇంకా కార్లైల్‌లోనే ఉంది. చిరునామా మన రిజిస్టరులో, వంటింటి సొరుగులో ఉంది. పంతొమ్మిది రోజుల టైముంది. నాకేమీ తెలియదని జవాబు రాశాను. ఆమె విమానం ఎక్కి పోతే ఈ సంగతి ముగిసిపోతుందనుకున్నాను. ఇది పార్కులో అన్న మాట లాంటిది కాదు. అది భయంలో నోరు జారడం. ఇది ఆలోచించి, స్టాంపు అంటించి, నడుచుకుంటూ వెళ్లి డబ్బాలో వేసిన అబద్ధం.

దానికే నువ్వు ఈ నెల రాసిన జవాబు: "నీకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఇక వెతకను. నువ్వు బాధపడకమ్మా."

నాన్న ఆ పేజీ బ్రేక్‌ఫాస్ట్ దగ్గర చదివారు. చెంచా కింద పెట్టారు.

"ఆ రోజు స్టేషన్లో ఆమెతో చెప్పేశాను మురియెల్" అన్నారు. "పేరు నైజెల్ అనీ, నార్వేలో ఓడలు గీస్తాడనీ, నా కంటే పొడుగనీ."

నేను పళ్లెం పక్కకు జరిపాను.

"ఆమెకు ముందే తెలుసు. వాణ్ని మనకిచ్చిన రోజు ఆమె ఉన్న తల్లుల ఆశ్రమంలో మేట్రన్ బల్ల మీద కవరుంటే, తలకిందులుగా మన పేరూ ఊరూ చదువుకుందట. పాతికేళ్లు గుర్తు పెట్టుకుంది. రాకూడదని మాటిచ్చింది కాబట్టి రాలేదు. కెనడా పోతున్నాననే ఒక్కసారి వచ్చింది. మొదటి సాయంత్రమే తలుపు సందులోంచి వాడి ఫోటోలు చూసిందట."

"అయితే పార్కులో..."

"పిల్లలున్నారా అని అడిగినప్పుడు ఆమెకు అన్నీ తెలుసు. నువ్వు చెబుతావేమోనని అడిగింది."

ఆయన నీ పేజీ మడిచి పక్కన పెట్టారు. "నాకు తెలుసన్న సంగతి ఆవిడకు చెప్పకండి, సిగ్గుపడుతుంది, అంది. నేను మాటిచ్చాను. కొంచెం టైమివ్వండి, మా ఆవిడే ఉత్తరం రాస్తుంది, మంచి మనిషి, అని నేనన్నాను. రోజూ రాస్తావని చూశాను. నువ్వు వాడికి 'నాకేమీ తెలియదు' అని రాస్తావని అనుకోలేదు."

నన్ను తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. మంచి మనిషి అన్నారు.

మొన్న శనివారం రిజిస్టరులో చిరునామా రాసుకుని కార్లైల్‌కు వెళ్లాను. విమానం తేదీ దాటిపోయిందని తెలుసు. ప్రయాణం ఏ కారణంగానో వాయిదా పడి ఉంటుందేమోనన్న పిచ్చి ఆశ. ఇల్లు ఖాళీగా ఉంది, కిటికీలకు తెరలు కూడా లేవు. పక్కింటి ముసలావిడ గుమ్మం కడుగుతూ తలెత్తింది.

"ఎవరు కావాలమ్మా? బెరిలా? వెళ్లిపోయి రెండు వారాలైందే."

ఆమె చిరునామా కావాలన్నాను. నన్ను ఎగాదిగా చూసింది. "సర్బిటన్ నుంచా మీరు?"

అవునన్నాను.

"జూన్ నెలంతా పోస్టుమాన్ కోసం కాపలా కాసిందమ్మా. ఏమే, ప్రేమలేఖా అని ఏడిపించేదాన్ని. సర్బిటన్ నుంచి ఉత్తరం రావాలి అనేది. ప్రయాణం రోజు టాక్సీ వచ్చినా, ఆ పొద్దున టపా వచ్చేదాకా కదల్లేదు." చీపురు గోడకానించింది. "ఇంతకీ మీరు ఆమెకేమవుతారు?"

"మా అబ్బాయి వైపు చుట్టం" అన్నాను.

ఆమె ఇంకేం అడగలేదు. లోపలికి తీసుకెళ్లి టీ ఇచ్చింది. తన పుస్తకంలోంచి విన్నిపెగ్ చిరునామా నా చేత రెండుసార్లు చదివించి మరీ రాయించింది.

ఆదివారం బెరిల్‌కు ఉత్తరం రాశాను. క్షమించమని రెండు ముక్కలే రాశాను. మిగతా ఏడు పేజీలూ నీ గురించే. నీకు పళ్లొచ్చింది ఎప్పుడో, నువ్వు ఏ వయసులో ఈత నేర్చావో, గవదబిళ్లలు ఎప్పుడు వచ్చాయో, లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో, అన్నీ. నీ ఫోటోలు ఆరు పెట్టాను. నిన్ను అడగకుండా పంపినందుకు కూడా నువ్వు కోప్పడాలి. కానీ నిన్ను అడిగి పంపేదాకా ఆగితే మళ్లీ ధైర్యం పోతుందని భయపడ్డాను.

ఆమె చిరునామా ఈ ఉత్తరంతో పాటు వేరే కాగితం మీద పెట్టాను. రాయాలనిపిస్తే రాయి. వెళ్లాలనిపిస్తే వెళ్లు. నాకు చెప్పినా సరే, చెప్పకపోయినా సరే. కార్లైల్ వెళ్లాలంటే నీకు ఒక ఓడా ఒక రైలూ సరిపోయేవి. ఇప్పుడు మహాసముద్రం దాటాలి. ఆ దూరం పెంచింది నేనే.

నా మీద కోపం తీరేదాకా నాకు జవాబు రాయనక్కర్లేదు. నాన్నకు మాత్రం రాయి, ఆయన తప్పేమీ లేదు.

ఇట్లు,
నువ్వు లేవని చెప్పిన,
నీ అమ్మ
మురియెల్