ప్లాస్టర్ అచ్చూ, తెర మీది పళ్లూ

అక్కకు,

నీ చెల్లెలు ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ ఆయనా, ఆయన పెంచుకునే మొక్కలూ, నేనూ కులాసా. నీ మోకాలి నొప్పి తగ్గిందని నీ ఉత్తరంలో చదివాక ప్రాణం కుదుటపడింది.

"కొత్త యంత్రం వచ్చిందిగా, మన పళ్ల ఆసుపత్రిలో ప్లాస్టర్ అచ్చులకు నీళ్లొదిలేశావా?" అని దెప్పావు. ఇంకా లేదులే. యంత్రం కొనను నోట్లో అటూ ఇటూ తిప్పితే చాలు, పళ్ల వరుసంతా తెర మీద ప్రత్యక్షమవుతోంది. పిల్లలకు డోకు రాదు, నేల మీద తెల్లపొడి పడదు. కానీ వెనక గది బోసిపోయిందక్కా. నువ్వు రబ్బరు గిన్నెలో ప్లాస్టర్ కలిపి, బుడగలు పోవాలని గిన్నెను బల్లకేసి టపటపా కొట్టేదానివి. "లోపల ఎవరివో పళ్లు రాలగొడుతున్నారు" అని బయట కూర్చున్నవాళ్లు హడలిపోయేవారు. గట్టిపడేటప్పుడు అచ్చు వెచ్చబడేది. చలి రోజుల్లో ఇద్దరం చెరో అచ్చు మీద చేతులు పెట్టుకుని కబుర్లలో పడేవాళ్లం. ఇప్పుడు ఆ గదిలో యంత్రం గుయ్యిమనడం తప్ప మరో చప్పుడు లేదు.

యంత్రాన్ని గుడ్డిగా నమ్మకూడదని కొందరికి అచ్చూ, యంత్రమూ రెండూ చేయించాను. ప్లాస్టర్ అచ్చును, పంటి వెడల్పు కొలిచే రెండు మొనల కాలిపర్‌తో నేను కొలిచాను, తెర మీద మా చిన్న డాక్టరమ్మ కొలిచింది. వసపిట్ట అని మేం పిలుచుకునే ఒక అమ్మాయి దగ్గర పేచీ వచ్చింది. నా లెక్కన పళ్లు వరుసలోకి రావడానికి చోటు చాలదు, నాలుగు మంచి పళ్లు పీకాలి. తెర లెక్కన ఒక్కటీ పీకనక్కర్లేదు. "మా అక్క దగ్గర నేర్చుకున్న అచ్చు ఇది, తప్పు మీ యంత్రానిదే" అని గయ్యిమన్నాను.

చిన్న డాక్టరమ్మ నెమ్మదిగా అంది: "ఏమనుకోకండి మేడమ్. అదే అచ్చును కాలిపర్‌తో నేనూ కొలిచాను. తెరకూ దానికీ వెంట్రుకవాసి తేడా. మీ అంకెలే..."

కాలిపర్ నేనే అందుకున్నాను. మళ్లీ కొలిచాను. ఈసారి ఇంకో అంకె వచ్చింది. ప్లాస్టరూ నిజమే చెప్పింది, తెరా నిజమే చెప్పింది. కాలిపర్ మొన పంటికి ఆనిందో లేదో నాకే కనబడలేదు.

నీకు ఫోనులో చెప్పలేకపోయింది ఇదేనక్కా. ఆ మర్నాడు చూపించుకుంటే, కుడికంట్లో శుక్లం ముదిరిందట. అంతవరకూ దీపాలే మసకబారాయనుకుని కొత్త బల్బులు కొనిపించాను కానీ, కంటి డాక్టరు గడప తొక్కలేదు. ఆపరేషన్ అయ్యేదాకా కొలతలన్నీ చిన్న డాక్టరమ్మకు అప్పగించాను.

వసపిట్టనూ వాళ్లమ్మనూ పిలిచి, "పళ్లు పీకాలన్నాను, నేను తప్పు కొలిచాను" అని చెప్పేశాను. వాళ్లమ్మ, "పీకకముందే చెప్పారు" అంది. వసపిట్ట మాత్రం, "అయితే క్లిప్పులు కూడా వద్దా ఆంటీ?" అంది. అంత గుబులులోనూ నవ్వాగలేదు.

చిన్నపాటి ఆపరేషనే అంటున్నారు. ఊళ్లోవాళ్లందరికీ నోరు తెరవమని ధైర్యం చెప్పేదాన్ని, నా వంతొచ్చేసరికి ఆ ధైర్యం చాలడం లేదు. ఆయనకింకా చెప్పలేదు. నువ్వొచ్చి పక్కన కూర్చుంటే చెబుతాను. త్వరగా రా.

ఇట్లు,
నీ మొండి చెల్లి