పొడుగు సీటు బండి

శ్రీవారికి,

నమస్కారం. ఇక్కడ నేను, అత్తయ్య, అత్తయ్య మోకాలు ముగ్గురమూ క్షేమం. మోకాలు కొత్త తైలానికి కాస్త లొంగింది. మీరు ఆరోగ్యంగా ఉన్నారని మీ దస్తూరి చూసి తెలుసుకున్నాను. జలుబు చేసినప్పుడు మీ అక్షరాలు కుడివైపుకు వాలతాయి. ఈసారి నిటారుగా ఉన్నాయి.

ముందుగా ఒక మాట. సోమవారం చిన్న బండికి అడ్వాన్సు కడతానని రాశారు. ఈ ఉత్తరం చివరిదాకా చదవకుండా కట్టకండి. ఎందుకో చెబుతాను, కానీ వరసలో చెబుతాను. వరస తప్పితే నాకు ధైర్యం చాలదు. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటారేమో. ఫోన్లో నేను ‘ఊ’, ‘సరే’ తప్ప ఏమీ అనలేనని మీకు తెలుసు. ఆ రెండు మాటలు కూడా సగంసార్లు పక్కనుంచి అత్తయ్యే అందిస్తారు.

మీ ప్రశ్నలకు జవాబులు. మన వీధి చివరి మెకానిక్‌ను, అదే, ఇంజనుకు చెవి ఆనించి వింటాడని అందరూ ‘డాక్టరు’ అని పిలిచే ఆయన్ను, మళ్ళీ అడిగి వచ్చాను. ముందు చక్రానికి డిస్కు బ్రేకు ఉన్నదే తీసుకోమన్నాడు. మీరు తిరిగే పంపుహౌసుల దారి తడి మట్టి కాబట్టి, బ్రేకు ఏదైనా సరే, ముందుదీ వెనకదీ రెండూ కలిపి మెల్లగా నొక్కడం అలవాటు చేసుకోవాలట. మైలేజీ గురించి కంపెనీవాళ్ళు చెప్పే అంకెలో పావు వంతు తీసేసి మిగిలినదే నమ్మాలట. ట్యూబు లేని టైర్లయితే మేకు గుచ్చుకున్నా గాలి ఒక్కసారిగా పోదట. సెంటర్ స్టాండు మీరే స్వయంగా వేసి చూడండి. చేతులతో లాగితే బండి బరువు, కాలితో తొక్కితే తేలిక. తన కొట్లో ఉన్న బండికి నాచేత వేయించాడు. మూడోసారికి వచ్చింది. సర్వీసు చేసేచోటు మీ గదికి దగ్గరో దూరమో కూడా కనుక్కోమన్నాడు. “బండి ఇక్కడా, సర్వీసు పక్క ఊళ్ళోనా? పెళ్ళాం ఒక ఊళ్ళో, కాపురం ఒక ఊళ్ళో పెట్టినట్టుంటుంది” అని, అన్నాక నావైపు చూసి నాలుక కరుచుకున్నాడు.

నాకు ఏ రంగు ఇష్టమో రాయలేదేమని అడిగారు. మీ ఆఫీసులో మ్యాపులు గీసే ఆవిడ ఆకుపచ్చ బాగుందన్నారని మీరే రాశారు కదా. ఒక బండికి ఇద్దరి ఇష్టాలు ఎందుకని ఊరుకున్నాను.

ఆవిడ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పేస్తాను. నేను రోజంతా ప్రెస్సులో ఇతరుల తప్పులు వెతికే మనిషిని. ప్రూఫులు దిద్దే కన్ను ఇంటికి వచ్చాక మూసుకోదు. రెండు నెలల కిందటి వరకు మీ ఉత్తరాల నిండా ‘నేను’ ఉండేది. నేను వండుకున్నాను, నేను పంపుహౌసుకు వెళ్ళాను, నాకు నిద్ర పట్టలేదు. తర్వాత ‘మేము’ మొదలైంది. మేము షోరూముకు వెళ్ళాం. మేము మూడు బండ్లు చూశాం. మేము పెద్ద బండి మీద ఒక చుట్టు తిరిగాం, పొడుగు సీటు కదా, వెనక హాయిగా ఉందని ఆవిడ అన్నారు. మూడు చోట్లా ఎర్ర పెన్సిలుతో గీత గీశాను, మీ ఉత్తరం మీదే. క్షమించండి. తెలుగులో ఉన్న ‘మనం’, ‘మేము’ తేడా ఇంగ్లీషులో లేదని స్కూల్లో మాకు ఇంగ్లీషు చెప్పిన సిస్టర్ గారు కూడా నవ్వుతూ ఒప్పుకునేవారు. ‘మనం’ అంటే చదువుతున్న నేను కూడా అందులో ఉంటాను. ‘మేము’ అంటే నన్ను గుమ్మం బయట నిలబెట్టి తలుపు వేసుకున్నట్టు. మీరు అనుకుని రాసి ఉండరు. కానీ వ్యాకరణం మొహమాటపడదు.

ఆవిడ ఇల్లు మీరు వెళ్ళే దారిలోనే అన్నారు. సాయంత్రం బస్సు సరిగా రాదన్నారు. నిజమే అయ్యుంటుంది. ఆవిడ మంచివారే అయ్యుంటారు. మ్యాపులు గీసేవాళ్ళు గీత దాటరులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ సర్దుబాటు ఒక పూట పనిచేసింది.

మన పెళ్ళయి పదకొండు నెలలు. కలిసి ఉన్నది నాలుగు. ఆ నాలుగు నెలల్లో ఎక్కడికి వెళ్ళినా నడిచాం, లేకపోతే బస్సులో నిలబడ్డాం, మన మధ్య ఎప్పుడూ ఎవరిదో ఒక సంచీ ఉండేది. మీ వెనక ఏ బండి మీదా నేను కూర్చోలేదు. అలా కూర్చున్నప్పుడు చెయ్యి ఎక్కడ వెయ్యాలో కూడా నాకు తెలియదు. ఆవిడకు ఈపాటికి తెలిసి ఉంటుంది.

మొన్న మీ ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే అత్తయ్య చూశారు.

“అలా చూస్తే కాగితం కరిగిపోతుందే. ఇంతకీ వాడు ఏ బండి కొంటున్నాడట?”

“ఇంకా తేలలేదత్తయ్యా.”

“బండి తేలకపోతే నీ మొహం ఎందుకు మునిగింది?”

నేను కళ్ళజోడు తుడుచుకునే పని పెట్టుకున్నాను. అత్తయ్య మళ్ళీ అడగలేదు. అడగకపోవడంలో మీ అమ్మగారిని మించినవాళ్ళు లేరు.

ఇక వరస అయిపోయింది, అసలు సంగతి చెప్పాలి.

పోయిన ఉత్తరంలో మెకానిక్ చెప్పాడని మీకు ఇలా రాశాను: పొడుగు సీటు బండి వద్దు, వెనక మనిషి కూర్చుంటే ముందు చక్రం తేలుతుంది, మీకు ఒంటి సీటూ వెనక సామాన్ల చట్రమూ ఉన్న చిన్న బండే మంచిది. అతను ఆ మాట చెప్పలేదు. ఒక్క ముక్క కూడా చెప్పలేదు. మీరు రాసిన మూడు బండ్ల వివరాలూ చదివి వినిపిస్తే, “ఆరడుగుల మనిషికి పెద్ద బండే అమ్మాయ్, ఇందులో ఆలోచించడానికేముంది?” అని మళ్ళీ పనిలో పడ్డాడు. ఇంటికి వచ్చి మిగతాదంతా నేనే కల్పించాను. సామాన్ల చట్రం మీద ఆవిడ కూర్చోలేరు కదా అనుకున్నాను. ఒక్క కొట్టివేత కూడా లేకుండా రాశాను.

మా ప్రెస్సులో అక్షరం జారిపోతే తప్పు. రచయిత రాయని మాట మనం చేరిస్తే ద్రోహం. నేను చేరిన రోజున మా పెద్ద ప్రూఫ్‌రీడరు గారు చెప్పిన మొదటి పాఠం అది. నేను ఒక మనిషి నోట్లో ఏకంగా మూడు వాక్యాలు పెట్టాను, మీరు నమ్మారు. షోరూమువాళ్ళు నవ్వినా, మా మెకానిక్ చెప్పాడని వాళ్ళతో వాదించారట. చిన్న బండి మీద మలుపు తిప్పినప్పుడల్లా మోకాలు హ్యాండిలుకు తగులుతోంది, అలవాటవుతుందిలే అని రాశారు. అది చదివాక రెండు రోజులు నాకు తిండి సహించలేదు. రోజూ నలభై కిలోమీటర్లు, తడి మట్టి, సగమే తిరిగే హ్యాండిలు. నా అసూయ మీ ఎముకల మీదికి పోతుందని అప్పటిదాకా తట్టనే లేదు.

అందుకే నిన్న సాయంత్రం ప్రెస్సు నుంచి నేరుగా డాక్టరు కొట్టుకు వెళ్ళి, అతను అనని మాట అన్నాడని మీకు రాశానని చెప్పాను. ఎంత మెల్లగా చెప్పానంటే, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అతను స్పానరు కింద పెట్టాడు.

“చక్రం తేలుతుందన్నానా నేను? ముప్పై ఏళ్ళ పేరు అమ్మాయ్ నాది. ఆ షోరూమువాళ్ళు నన్ను ఏమనుకుని ఉంటారు?”

తప్పయిపోయిందన్నాను. అతను చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నావైపు తిరిగాడు.

“వెనక ఎవరు కూర్చుంటారోనని కదూ?”

నేను అతని స్పానరు తీసి చేతికిచ్చాను.

“ఆ సంగతి బండికి చెబితే ఏం లాభం? మీ ఆయనకు చెప్పు.”

చెబుతున్నాను. నాకు అసూయగా ఉంది. ఆవిడ గీసే గీతల మీద, ఆవిడకు నచ్చిన ఆకుపచ్చ మీద, రాని ఆ సాయంత్రం బస్సు మీద కూడా. ఇది చదివి మీరు నవ్వితే ఫరవాలేదు. ఆవిడకు చూపించి నవ్వకండి.

పెద్ద బండే కొనండి. సోమవారం దానికే అడ్వాన్సు కట్టండి. దారిలో ఆవిడను దింపండి కూడా. వానలో తెలిసిన మనిషి నడుస్తుంటే పక్కనుంచి బండి మీద దూసుకుపోయే మనిషిని నేను పెళ్ళి చేసుకోలేదు. కానీ బండిని ఆ పై శనివారం దాకా షోరూములోనే ఉండనివ్వండి. సెలవు చీటీ ఇచ్చేశాను. అత్తయ్యకు తోడుగా మా అమ్మ వస్తుంది. నేను తొలి బస్సుకు బయలుదేరతాను.

ఆవిడ కూర్చున్నది షోరూమువాళ్ళు అందరికీ ఇచ్చే ట్రయలు బండి మీద. మనం కొనే బండి మీద ఇంకా ఎవరూ కూర్చోలేదు. రెండు రోజులు ఆలోచించి ఈ తేడా కనిపెట్టాను, దయచేసి కాదనకండి. షోరూము నుంచి మీ గదిదాకా ఆ సీటు మీద నేను కూర్చుంటాను. గది మరీ దగ్గరైతే చుట్టూ తిప్పి తీసుకువెళ్ళండి. ఆ తర్వాత ఎవరు కూర్చున్నా పట్టించుకోను.

పట్టించుకుంటాను. కానీ మీకు రాయను.

ఇట్లు,
ఈ ఉత్తరంలో ఒక్క మాటా కల్పించని
మీ భార్య