రెయిలింగ్ లేని పడవ

11 ఫిబ్రవరి 1977, శుక్రవారం

సముద్రం ఒడ్డున అరబ్బుల ఊరు అల్ హైల్‌లో ముర్తుజా షెడ్డుకు వెళ్లాం. పడవల ఇంజన్లు బాగుచేసే హైదరాబాదీ. స్వదేశం వెళ్లిపోతున్న ఇద్దరు దొరలు తమ డెక్ బోట్లు అమ్మిపెట్టమని అతనికి అప్పగించారు. ఒకే పొడవు, ఒకే ఇంజన్, ఒకే రకం మెత్తటి సీట్లు. రెండూ జుడ్వా బచ్చే సాబ్, కవల పిల్లలు, బేగంసాబ్ ఏది చూపిస్తే అది తీసుకుపొండి అని నవ్వాడు. ఒక్కటే తేడా. ఒకదానికి చుట్టూ రెయిలింగ్ ఉంది. రెండోదానికి లేదు, అంచు బాగా కిందికి ఉంది.

శేషుకుమారి ఏదీ చూపించలేదు. మే నెలలో పాపను తీసుకుని ఊరు వెళితే మళ్లీ రానని పోయిన నెలలోనే చెప్పింది. కోపంగా చెప్పలేదు. నాలుగు గోడలు, ఏసీ చప్పుడు తప్ప ఇక్కడేముందండీ అంది. నా భార్య గోదావరి లంకలో పుట్టిన మనిషి. పడవ ఉంటే ఉండిపోతుందేమోనని నా ఆశ. ఆ మాట ఆమెతో అనలేదు.

14 ఫిబ్రవరి

ఆఫీసులో డ్రాయింగ్ షీటు వెనక రెండు పడవలూ గీశాను. రెయిలింగ్ చెరిపేస్తే ఏది ఏదో తెలియలేదు.

18 ఫిబ్రవరి, శుక్రవారం

రెయిలింగ్ ఉన్నదాంట్లో ట్రయల్‌కి వెళ్లాం. ముర్తుజా నడిపాడు. గాలి లేదు. సముద్రం, ఆకాశం ఒకే రంగులో ఉండి, ఎక్కడ కలిశాయో కనబడలేదు. ఒడ్డున ఖర్జూరపు తోటలు పొగలా పల్చబడిపోయాయి. పాప రెయిలింగ్ పట్టుకుని అలాగే నిద్రపోయింది.

శేషుకుమారి రెయిలింగ్ మీంచి చెయ్యి చాపింది. నీళ్లు అందలేదు. ఇది పడవా, పందిరి మంచమా అంది. పాప పడిపోతేనో అన్నాను. మీ మెట్టోళ్లకి నీళ్లంటే బిందెలోనే ఉండాలి అంది. ముర్తుజా పకపకా నవ్వాడు.

నిజమే. మా ఊళ్లో వేసవి వస్తే బావి అడుగు కనబడేది. నాకు ఈత రాదు. రెయిలింగ్ ఉన్నదే ఖాయం చేశాను.

20 ఫిబ్రవరి

శేషుకుమారి ట్రంకుపెట్టె దింపి, దులిపి ఎండలో పెట్టింది. మే నెలకి ఇంకా రెండు నెలల పైనే ఉంది.

25 ఫిబ్రవరి, శుక్రవారం

కొబ్బరికాయ, పసుపు, కుంకుమ పట్టుకెళ్లాం. మా ఊళ్లో కొత్త బండికి చక్రం ఇనప పట్టా మీద కాయ కొడతారు. నేను పడవ ముక్కుకు బొట్టు పెట్టి, దాని మీదే కొట్టాను. కాయ పగల్లేదు. ముక్కు పగిలింది. తెల్లటి ఫైబరు మీద సాలెగూడులా చీలిక.

ముర్తుజా పరుగెత్తుకొచ్చాడు. యా అల్లా, ఇది ఫైబర్ సాబ్, బండరాయి కాదు అని తల పట్టుకున్నాడు. శేషుకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు. మా లంకలో లంగరు మీద కొడతారండీ, నన్నడగొచ్చుగా అంది. ఆమె అలా నవ్వగా విని ఎన్నాళ్లయిందో.

అతుకు వేసి అది ఆరేదాకా దాన్ని నీళ్లలో దింపకూడదట. పాప ఏడుపు లంకించుకుంది. రెండోదాన్ని దింపమన్నాను.

ఎక్కేముందు శేషుకుమారి చెప్పులు విప్పి, దోసెడు నీళ్లు తీసి నెత్తిన చల్లుకుంది. అంచున కూర్చుని చెయ్యి నీళ్లలో వదిలేసింది. పడవ పోతుంటే ఆ చెయ్యి వెనక సన్నటి తెల్లగీత. పాప కూడా చెయ్యి పెట్టింది. నేను మధ్యలో కూర్చుని పాప గౌను పట్టుకున్నాను, పిడికిలి నొప్పెట్టేదాకా. శేషుకుమారి మాట్లాడుతూనే ఉంది. వాళ్ల రేవు, బడికి వెళ్లే పడవ, వేళ్లకు తగిలే చేపపిల్లలు. ఏ నీళ్ల మీద ఉన్నామో కాసేపు నాకు తెలియలేదు.

ఒడ్డుకొచ్చాక, పగిలినదాన్ని బాగుచేయించే పూచీ నాదని, తీసుకునేది మాత్రం ఇదేనని ముర్తుజాతో చెప్పాను. భయం లేదా సాబ్ అన్నాడు. ఉంది అన్నాను.

4 మార్చి

మే నెల ప్రయాణం సంగతి అడిగేశాను. ముందు మీరు ఈత నేర్చుకోండి అంది. మీరు తేలితే ఉంటాను, మునిగితే వెళతాను అని నవ్వింది.

11 మార్చి

నడుంలోతు నీళ్లు. వెల్లకిలా పడుకోమంది. వీపు కింద ఆమె చెయ్యి. చెవుల నిండా సముద్రం, కళ్ల నిండా ఆకాశం. చెయ్యి తియ్యకు అన్నాను.

తీసి చాలాసేపైందండీ అంది.