నూరో రోజు పుణ్యం

ప్రియమైన తవీ అన్నయ్యకు,

నీ ఉత్తరం నిన్నటి పడవలో వచ్చింది. చదివాక ఒళ్లు మండిపోయింది. అమ్మ పోయిన నూరో రోజుకు, ఆమెకు పుణ్యం చేరాలని అందరిలా పిట్టలనో చేపలనో వదిలితే నీ పరువు పోతుందా? అమ్మ పెంచిన గిబ్బన్ కోతి జోయ్‌నే అడవిలో వదలాలా? వాడిని ఉంచిన మా గిబ్బన్ల శరణాలయంలోకి నిన్ను రానిస్తున్నది అరటిగెలలు దింపడానికి, బోన్ల గడియలు తీయడానికి కాదు.

నేనేమో ఈ దీవిలో ఇరుక్కుపోయాను. ఇక్కడ ఒక్క జంటకు అడవిలో బతకడం నేర్పడానికే మాకు ఏళ్లు పట్టింది. నువ్వు ఒక్క పొద్దులో తేల్చేస్తానంటున్నావు. మన కొండ మీద తెల్లవారుతూనే జంటగా పాడే గిబ్బన్ల గొంతులు నువ్వూ వింటావుగా. అది కచేరీ కాదన్నయ్యా. ఈ చెట్లు మావి, అడుగుపెడితే చీరేస్తామని చెప్పడం. ఆడదానికీ మగదానికీ కోరలు ఒకేలా ఉంటాయి, కత్తుల్లా. జోయ్‌కి అవి లేవు. వాడు నీ చెవి కొరికిన రోజున పట్టకారుతో విరగ్గొట్టింది నువ్వే. నోటినిండా నెత్తురుతో వాడు అమ్మ ఒళ్లో దూరితే, అమ్మ చాలా రోజులు నీతో మాట్లాడలేదు.

నీకు ఇన్నాళ్లూ చెప్పని మాట ఒకటుంది. వాడి తల్లిని నువ్వు కాల్చినప్పుడు, పొట్టకు అతుక్కున్న బిడ్డతో సహా అది కొమ్మల్లోంచి పడింది. బిడ్డను అమ్మకిచ్చి, తల్లిని కూర వండించావు. అమ్మ ఆ కూర ముట్టలేదు. అప్పట్నుంచి భిక్షువులకు అన్నం పెట్టి, ఆ పుణ్యం పోయినవాళ్లకు చేరాలని నీళ్లు ధారపోసినప్పుడల్లా, నాన్న పేరు తర్వాత ఆ తల్లి పేరు చెప్పేది. పేరు తనే పెట్టింది. "తవీకి చెప్పకే. వాడి మనసు కష్టపడుతుంది" అంది. నీ మనసు కష్టపడాలనే ఇప్పుడు చెబుతున్నాను.

గడియ తీయకు.

నీ చెల్లెలు
ఉబోన్


చెల్లీ ఉబోన్,

నీ ఉత్తరం ఆలస్యంగా అందిందని అబద్ధం రాద్దామనుకున్నాను. ముందే అందింది. చదివి, నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల నాకు చెప్పేదేమిటని పొయ్యిలో పడేశాను.

నూరో రోజు పొద్దున గెలలు దింపి, కాపలా కాసే చిత్ మామ అటు తిరగగానే గడియ తీశాను. జోయ్ అడవికేసి చూడనైనా లేదు. నా భుజమెక్కి మెడ చుట్టూ చేతులు వేశాడు. నేనే విడదీసి, బెత్తంతో కొట్టి చెట్టెక్కించాను. అంతలో కొండ మీద పాట మొదలైంది. తనను పిలుస్తున్నారనుకున్నాడో ఏమో, పిచ్చివాడు, తానూ గొంతు కలిపాడు.

ఆ జంట ఊగుతూ వచ్చిపడింది. మగది రావడంతోనే మొహం మీద కరిచింది. ఆడది మోచేతి కండ పీకేసింది. జోయ్ ఆ మొండిపళ్లతోనే తిరిగి కరిచాడు. ఏం లాభం? ఆకుల మీంచి వాడి నెత్తురు నా మొహాన పడింది.

బండిలోంచి తుపాకి తెచ్చి ఆడదానికి గురిపెట్టాను. దాని పొట్టకు పిల్ల అతుక్కుని ఉంది. పిల్ల నన్నే చూస్తోంది. చెల్లీ, నువ్వు రాసింది పొయ్యిలో కాలలేదు. తుపాకి పైకెత్తి గాల్లోకి పేల్చాను. జంట పారిపోయింది. జోయ్ మాత్రం ఆ చప్పుడికి కొమ్మ పట్టుకున్న రెండు చేతులూ వదిలేశాడు. వాడు చిన్నప్పుడే విన్న చప్పుడు అది.

పడినచోటు నుంచి నా దగ్గరికే పాక్కుంటూ వచ్చాడు. ఎత్తుకుంటే మళ్లీ మెడ పట్టుకున్నాడు. అలాగే పోయాడు. ఆ చేతులు విడదీయడం ఈసారి నా వల్ల కాలేదు, చిత్ మామే విడదీశాడు.

గొయ్యి తవ్వుతూ అడిగాడు, "ఒరే తవీ, ఇంతకీ పుణ్యం ఎవరికి దక్కిందిరా?" నేను ఏడ్చాను. అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

ఆ రోజు గుడికి వెళ్లలేదు. భిక్షువుకు జరిగినదంతా తర్వాత చెప్పాను. "నీళ్లు ధారపోస్తూ పేర్లు చెప్పు నాయనా" అన్నాడు. అమ్మ పేరు చెప్పాను, జోయ్ పేరు చెప్పాను. అక్కడ ఆగిపోయాను. చెంబు దించి ఇంటికొచ్చేశాను.

జోయ్ తల్లికి అమ్మ ఏం పేరు పెట్టిందో రాయి.

నీ అన్న
తవీ