వెనక సీటు దగ్గర సున్నా

ఆర్లెన్,

దుప్పి మాంసం పులుసు పొయ్యి మీద ఉంది, వేడి చేసుకుని తిను. గాలి పోతోందేమో చూడ్డానికి స్నానాల తొట్టిలో పడేసిన ఆ టైర్లు తీసెయ్. ఆసుపత్రిలో డ్యూటీ చేసి వచ్చేసరికి నా ఒళ్ళు హూనమైపోతుంది, కాసేపు వేణ్ణీళ్ళలో కూర్చోవాలి.

చలికాలమంతా ఇదే గోల. గ్యారేజీలో కట్టుకున్న ఆ బుల్లి విమానానికి చిన్న టైర్లా, పెద్ద టైర్లా? ఏటి ఒడ్డున గులకరాళ్ళ మీద దిగాలంటే పెద్దవే ఉండాలని నీ నేస్తాలు నీ బుర్రకెక్కించారు. సరేలే అని ఊరుకున్నాను. పొద్దున కాఫీ కప్పు కింద విమానం మోసే బరువులు రాసుకున్న నీ కాగితం కనబడింది. పెద్ద టైర్లు, పెట్రోలు, గుడారం, తుపాకీ, ఇంకా వేటాడని మాంసం కూడా రాశావు. మోయగలిగిందంతా వాటికే సరిపోయిందని వెనక సీటు దగ్గర మాత్రం సున్నా. ఏమయ్యా, ఆరు చలికాలాలు ఆ రెక్కలకు గుడ్డ కుట్టింది ఎవరు?

చిన్న టైర్లతో దిగే ఇసుకతిన్నెలు బోలెడున్నాయి. తర్వాత నీ ఇష్టం. వాదించే ఓపిక నాకు లేదు.

రోవెనా

మరిచాను. ఆ సున్నా కొట్టేసి నా బరువు రాశాను, నూట నలభై ఆరు పౌండ్లు. బూట్లతో కలిపి.