పొయ్యికో వంతు

జూన్ 9
నంద్యాల ఆఫీసులో కూర్చుని ఆళ్లగడ్డ లైను చూస్తున్నాను. సాయంత్రమైతే చాలు, నిండిపోతుంది. వీధంతటికీ నేనిచ్చే నెట్టు ఒకటే లైను మీద. శెట్టన్న ఇంట్లో సినిమాలు దింపుకుంటుంటే మిగతా ఇళ్లలో బొమ్మ ఆగి ఆగి వస్తుంది. ఆయన్ని ఏమీ అనలేను... సిగ్నలు పట్టే డబ్బా ఆయన మిద్దె మీదే ఉంది.

శిల్పి వీరాచారి మామ ఫోను. అమ్మవారి మొహం గుడి కమిటీకి వీడియోలో చూపించాలి, వాళ్లు సరేనంటేనే కండ్లు చెక్కేది. నిన్న చూపిస్తే ఫోనులో బొమ్మంతా చెదిరిపోయిందట. గురువారం మళ్లీ చూస్తారు. అదే ఆఖరు, అప్పుడూ నచ్చకపోతే పని వేరేవాళ్లకు.

"పని పోయినా సరేమ్మా. మొహమే బాగలేదన్యారు..."

పాపం మామ.

జూన్ 10
వంతులు పెట్టాను. డబ్బా నుంచి ఇళ్లకు పోయే వైరుకో వంతు. ఒక వైరుకు కొంచెం, తర్వాత పక్క వైరుకు. ఇక ఎవరూ లైనంతా మింగలేరు. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

జూన్ 11
మామ ఫోను. ఇంకా అధ్వాన్నమట! ఒళ్లు మండి బస్సెక్కాను. ఆళ్లగడ్డలో దిగి వీధిలో తలెత్తి చూస్తే — శెట్టన్నకు నాలుగు వైర్లు. అంగడికి, కిందింటికి, మిద్దెకు, కొడుకు గదికి. మామ వాళ్లు అన్నదమ్ములు ముగ్గురు, మూడు సంసారాలు, గోడ మీదుగా లాక్కున్న ఒకటే వైరు. నా తెలివి తగలెయ్య.

ఇక్కడ జాతర చందా పొయ్యి లెక్కన, సంసారానికింతని అడుగుతారు. అలాగే మార్చేశాను. పొయ్యికో వంతు. మామ వాళ్లకు మూడు, శెట్టన్నకు ఒకటి.

చీకటి పడకముందే శెట్టన్న ఎదురొచ్చాడు. అరవలేదు.

"నా మిద్దె మీద డబ్బా పెట్టుకోని నాకే వంతులేస్తాండావా రహీమా? దించుకో పో."

ఒక్క రోజు ఆగన్నా అన్నాను. డబ్బా వైపొకసారి చూసి అంగడిలోకి పోయాడు.

జూన్ 12
మామ పక్కనే కూర్చున్నాను. ఫోనులో కమిటీ వాళ్లు. ఎవరూ కదలరు, మాట్లాడరు. లైను ఆగిపోయిందనుకున్నాను. ఆగలేదు... చూస్తున్నారు. చివరికి పెద్దాయన అన్నాడు — "బాగుందప్పా. కండ్లు చెక్కి రేపు చూపించు."

మామ కండువాతో మొహం తుడుచుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది.

సాయంత్రం
మామ అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. శెట్టన్న మిద్దె మీద, డబ్బా పక్కనే నిలబడి రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. నాలుగు వంతులూ తిరిగిస్తే డబ్బా ఉంటుంది, రేపు మొహం మళ్లీ చెదురుతుంది. ఇవ్వకపోతే వీధికే నెట్టు లేదు.

లోపల ఉలి చప్పుడు మొదలైంది. లేస్తున్నాను.